రోడ్డుకు అటూ ఇటూ



విశాఖ బీచిలో నిలబడి తూర్పుకు చూస్తే కనిపించేవి నీళ్లే. ఆ నీళ్లకు అవతల, కాస్త ఉత్తరంగా, బంగ్లాదేశ్ దక్షిణపు కొసన కాక్స్‌బజార్ అని ఒక ఊరుంది. పొడవాటి ఇసుక తీరం, హోటళ్లు, సెలవులకు ఢాకా నుంచి దిగే కొత్త జంటలు. ఆ ఊరికి ఆ ఇంగ్లీషు పేరు ఎలా వచ్చిందో ముందు చెబుతాను. 1784లో బర్మా రాజు పొరుగునున్న అరకాన్ రాజ్యం మీద పడ్డాడు. అక్కడి జనం వేలకు వేలు నాఫ్ నది దాటి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వచ్చేశారు. వాళ్లకింత నేల చూపించి కుదుటపరచమని కంపెనీ హీరమ్ కాక్స్ అనే కెప్టెన్‌ను పంపింది. పని పూర్తికాకుండానే 1799లో ఆయన పోయాడు. ఆయన పేరున పెట్టిన సంతే కాక్స్‌బజార్.

శరణార్థుల పని మీద వచ్చిన మనిషి పేరే ఊరి పేరైందన్నమాట. ఆ తర్వాత కూడా శరణార్థులు అదే నది దాటి 1978లో వచ్చారు, 1991–92లో వచ్చారు. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. ఇప్పుడు మయన్మార్ అనే బర్మాలో సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెడుతుంటే కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన రొహింగ్యాలు. అందులో సగానికి పైగా పిల్లలే.

ఆ పిల్లల గురించీ, వాళ్లు వచ్చి దిగిన ఊళ్లలో అప్పటికే ఉన్న పిల్లల గురించీ ఈ పూట చెప్పాలనుకుంటున్నాను. ఇద్దరి గురించీ కలిపే చెబుతాను.

కుతుపాలాంగ్ శిబిరంలో ఆ మొదటి వారాల్లో పొద్దస్తమానం ఒక మైకు మోగుతూ ఉండేది. చిన్న పందిరి, దాని కింద ఒక రొహింగ్యా మనిషి. చాలా ఏళ్ల కిందటే వచ్చి అక్కడ ఉండిపోయినవాడు. తప్పిపోయిన పిల్లల్ని అతని దగ్గరికి తెచ్చేవారు. నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి, ఏ ఊరు? ఈ మూడే అడిగేవాడు. ఆ మూడు జవాబుల్నీ మైకులో మళ్లీ మళ్లీ చెప్పేవాడు. అలా వందల మంది పిల్లలు అమ్మానాన్నల్ని చేరారు. మన పుష్కరాల్లో, తిరనాళ్లలో ఇలాంటి మైకు వినని వాళ్లుండరు. మన దగ్గర ఆ మైకు వినగానే తల్లి చెంగు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. అక్కడ కొందరి కోసం ఎంతసేపు పిలిచినా ఎవరూ రాలేదు. రావలసినవాళ్లు నదికి అవతలే పోయారు.

ఇక్కడొక సంగతి ఆగి చెప్పాలి. నేను ఆ బిడ్డ మేనమామను అంటూ ఎవరో ఒకరు వస్తారు. నిజంగా మేనమామే కావచ్చు. పిల్లల్ని పడవెక్కించి అమ్ముకునే దళారీ కూడా కావచ్చు. అందుకని పెద్దాయనను ఒక పక్క, పిల్లను ఒక పక్క కూర్చోబెట్టి విడివిడిగా అడుగుతారు. ఇంటి ముందు ఏ చెట్టుండేది, మేకలెన్ని, చెల్లెల్ని ఏమని పిలిచేవారు అని. రెండు జవాబులూ కలిస్తేనే చెయ్యి కలుపుతారు. అయినవాళ్లు దొరకని బిడ్డను అనాథాశ్రమానికి పంపడం కన్నా, అదే ఊరినుంచి వచ్చిన మరో కుటుంబంలో ఉంచి వారం వారం వెళ్లి చూసుకోవడం మేలని ఈ పనిలో ఉన్నవాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు. ఆపదలో పిల్లల రక్షణ అని కాగితాల్లో రాసుకునే పెద్ద మాటకు నేల మీద అర్థం చాలావరకు ఇదే. ఓపిగ్గా అడగడం, రాసుకోవడం, మళ్లీ వెళ్లి చూడడం.

సరే, బిడ్డ అమ్మ దగ్గరికి చేరింది. పొద్దున లేస్తే ఏం చేస్తుంది?

దీనికి జవాబు చెప్పేముందు మా వీధిలో ఉండిన ఒక ముసలామె గురించి చెప్పనివ్వండి. మేమంతా రంగం మామ్మ అనేవాళ్లం. ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ మాట విడమర్చనక్కర్లేదు. రంగూన్‌ని మా పెద్దలు రంగం అనేవారు. కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి, భీమిలి నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడి రైసుమిల్లుల్లో, హార్బరులో మూటలు మోసిన తెలుగువాళ్లు లక్షల్లో ఉండేవారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొన్ని నెలల్లో సుమారు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచి బయల్దేరారు. దారిలో కలరాకీ ఆకలికీ రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. నడిచిన దారుల్లో ఒకటి ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కణ్నుంచి అక్యాబ్‌కి, ఆనక పడవల మీద చిట్టగాంగ్‌కి. శ్రోతలు గమనించే ఉంటారు, ఆ అరకానే ఈనాటి రఖైన్. రొహింగ్యాలు వదిలి వచ్చిన నేల. మనవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని దాటిన తీరం అదే.

రంగం మామ్మ ఎనిమిదేళ్ల పిల్లగా ఆ దారిన నడిచి వచ్చింది. రంగూన్‌లో మూడో తరగతి చదివేదట. ఊరికి వచ్చాక బళ్లో చేర్పించారు. తెలుగు అక్షరాలు రావు కాబట్టి పంతులు అ ఆల దగ్గర కూర్చోబెట్టాడు. అటూ ఇటూ ఐదేళ్ల పిల్లలు, మధ్యలో ఈమె. బర్మాదానా అని వెక్కిరించారట. వారం తిరక్కుండా మానేసింది. తర్వాత జీవితమంతా పిడకలు చేసి అమ్మింది. పిడకలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తెలుగులో లెక్కపెట్టేది కాదు. తిత్, నిత్, తోన్, లే, ఙా అనేది. బర్మా భాషలో ఒకటి నుంచి ఐదు. మేం పిల్లలం అదేదో మంత్రమనుకునేవాళ్లం.

ఈ అంకెలు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తాయి.

కుతుపాలాంగ్, బాలుఖాలీ గుట్టల మీద అడవి కొట్టి శిబిరాలు వేశారు. వాటి మధ్య వెదురు తడికలతో, టార్పాలిన్లతో చిన్న చిన్న గదులు లేచాయి. ఇటుకతో కట్టడానికి వీల్లేదు; బంగ్లాదేశ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇటుక పెడితే వీళ్లు ఇక్కడే ఉండిపోతారని భయం. బడి అని పేరు పెట్టడానికి కూడా జంకి, అభ్యాస కేంద్రం అన్నారు. ప్లాస్టిక్ చాపలు, గోడకు రంగుల చార్టులు. ఒక గదిలో ముప్పై అయిదు నలభై మంది పిల్లలు రెండు మూడు గంటలు కూర్చుని లేస్తే, బయట కాచుకున్న మరో నలభై మంది లోపలికి వస్తారు. అలా రోజుకు రెండు మూడు షిఫ్టులు.

ఈ గదిలో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ప్రతి గదికీ ఇద్దరు మాస్టార్లు ఉండేవారు. ఒకరు రొహింగ్యా, బర్మా భాష చెప్పడానికి. రెండోవారు చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చే బంగ్లాదేశీ యువతో యువకుడో, ఇంగ్లీషు చెప్పడానికి. రొహింగ్యా మాటా, ఆ ప్రాంతపు చిట్టగాంగ్ యాసా దగ్గర చుట్టాలు. శ్రీకాకుళం మనిషీ చిత్తూరు మనిషీ మొదటిసారి కలిసినట్టు, సగం అర్థమవుతుంది, సగం ఊహించుకుంటారు. శరణార్థి కుటుంబం నుంచి ఒకరు, వాళ్లకు చోటిచ్చిన ఊరినుంచి ఒకరు, నలభై మంది పిల్లల ముందు పక్కపక్కన. ఎవరు ఆలోచించారో గాని, ఆ మొత్తం ఏర్పాటులో తెలివైన పని ఇదేనని నాకనిపిస్తుంది. జీతం మాత్రం సమానం కాదు. రొహింగ్యా మాస్టారుకి ఇచ్చేది వాలంటీరు భత్యమే, అదీ రెండోవారి జీతం కన్నా తక్కువ.

ఏం చెప్పాలి అన్నదగ్గర పెద్ద పేచీ వచ్చింది. బంగ్లా పాఠ్యపుస్తకాలు వాడొద్దన్నది ప్రభుత్వం. మయన్మార్ పుస్తకాలకు అనుమతి లేదు. నాలుగేళ్లపాటు ఏ దేశానివీ కాని, తాత్కాలికంగా కూర్చిన పాఠాలే చెప్పారు. పన్నెండేళ్లవాడు, అవతల ఊళ్లో అయిదో తరగతి చదివి వచ్చినవాడు, ఇక్కడ చిన్నపిల్లల పక్కన కూర్చుని అంకెలు దిద్దాడు. రంగం మామ్మలాగే కొన్నాళ్లు చూసి మానేశాడు. వయసొచ్చిన మగపిల్లలు అలా మానేసి ఎక్కడికి పోతారు? కొందరు కూలికి. కొందరు మలేసియా తీసుకెళతామనే పడవలవాళ్ల దగ్గరికి. 2024లో సాయుధ ముఠాలు శిబిరాలనుంచి కుర్రాళ్లను బలవంతంగా పట్టుకెళ్లి సరిహద్దు అవతల మయన్మార్‌లో సాగుతున్న అంతర్యుద్ధంలోకి తోశాయి. ఇక ఆడపిల్లల సంగతి. పెద్దమనిషి అయిన పిల్లను ఇల్లు కదలనివ్వని కట్టుబాటు వాళ్లలో గట్టిది. ఆడపిల్లలకే ప్రత్యేకంగా తరగతులు పెట్టి, ఆడ టీచరునే పెట్టి, దారిలో తోడుగా ఒక పెద్దావిడను పంపితేనే తల్లులు ఒప్పుకున్నారు. చదువుకున్న రొహింగ్యా ఆడవాళ్లు దొరకడమే గగనం. రఖైన్‌లో వాళ్లను చదువుకు దూరంగా ఉంచింది ఒక తరం కాదు మరి.

2021 చివర్లో మయన్మార్ పాఠ్యప్రణాళికను ప్రయోగంగా మొదలుపెట్టారు. 2023 జులైలో కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేనాటికి మూడు లక్షల మంది పిల్లలు చేరారు. తల్లిదండ్రులు నిజంగా సంతోషించారు. ఎప్పటికైనా వెనక్కి వెళ్తాం, మా దేశపు భాషలో మా పిల్లలు చదవాలి కదా అన్నది వాళ్ల మాట. ఆ చదువుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఇచ్చినా ఎవరు ఒప్పుకుంటారు అనేది వేరే చిక్కు. అయినా పొద్దున్నే ఆ వెదురు గదుల్లో వేల గొంతులు ఒక్కసారిగా లెక్క మొదలుపెట్టాయి. తిత్, నిత్, తోన్, లే, ఙా.

ఇప్పుడు శిబిరాల పక్కన పోయే కాక్స్‌బజార్–టెక్నాఫ్ రోడ్డు దాటి, ఊళ్లున్న ఇవతలికి వద్దాం.

ఈ శిబిరాలున్నవి ఉఖియా, టెక్నాఫ్ అనే రెండు ఉపజిల్లాల్లో. 2011 జనాభా లెక్కల్లో రెండింటిలో కలిపి నాలుగు లక్షల డెబ్బై వేల మంది. అంత జనం ఉన్నచోటికి దాదాపు ఒకటిన్నర రెట్ల జనం వచ్చిపడ్డారు. మొదటి రోజుల్లో అక్కడి రైతులే ఇంట్లో ఉన్నదేదో వండి పెట్టారు. పశువుల పాకలు ఖాళీ చేసి ఇచ్చారు. ఇది మరిచిపోకూడదు. ఆ తర్వాత కూలి రేట్లు పడిపోయాయి, కూరగాయల ధరలు పెరిగాయి, వంటచెరకు కోసం కొండలు బోడులయ్యాయి. 2018 నుంచి గ్యాసు సిలిండర్లు ఇవ్వడం మొదలయ్యాకగాని అడవికి కాస్త ఊపిరాడలేదు.

మరి బడులు? కొన్ని బడుల్ని, కాలేజీల్ని సాయం పంచడానికీ సైన్యం బసకూ వాడుకున్నారు. ట్రక్కుల రద్దీకి చిన్నపిల్లల్ని ఆ రోడ్డు దాటించి బడికి పంపడమంటే తల్లులకు దడ. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఎవరూ ఊహించని వైపునుంచి వచ్చింది. అంతర్జాతీయ సంస్థలు దిగాయి, ఉద్యోగాలు తెచ్చాయి. చిట్టగాంగ్ యాస తెలిసి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్లకు మంచి జీతాలు. ఊరి బడిలో మాస్టారు మానేసి అక్కడ చేరాడు. ఇంటర్ చదివే పిల్లాడు పరీక్ష ఎగ్గొట్టి అక్కడ చేరాడు. పక్కనున్న శిబిరంలో పిల్లలకు చదువు రావాలని పెట్టిన డబ్బు, ఊరి బడిలో కుర్చీ ఖాళీ చేసింది. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఏర్పాటు చేసేటప్పుడు ఆ రోడ్డు ఇవతలి పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరంతే.

తరువాత లెక్కలోకి తెచ్చారు. శిబిరాలకు వచ్చే సొమ్ములో కనీసం నాలుగో వంతు చుట్టుపక్కల ఊళ్లకు పెట్టాలని ప్రభుత్వం షరతు పెట్టింది. దానివల్ల కొన్ని బడులకు గదులు, బోరింగులు, మరుగుదొడ్లు వచ్చాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లు పిల్లలకు పోషకాలు కలిపిన బిస్కెట్లు ఇస్తూ వచ్చారు. శిబిరంలో వెదురు గదిలోనూ అదే, రోడ్డు ఇవతల సర్కారు ప్రాథమిక పాఠశాలలోనూ అదే. చూడ్డానికి చిన్న విషయం. కాని వాళ్లకే అన్నీ అని పళ్లు నూరే తండ్రి, తన కొడుకు నిక్కరు జేబులో కూడా అదే బిస్కెట్ చూశాడంటే కోపం ఒక మెట్టయినా దిగుతుంది.

కంచె గురించి ఒక్క మాట. శిబిరాల చుట్టూ ముళ్లకంచె వేశారు. 2021 మార్చి 22న బాలుఖాలీలో మంటలు లేచాయి. సుమారు నలభై అయిదు వేల మంది ఇల్లు కోల్పోయారు. వందకు పైగా చదువు గదులు బూడిదయ్యాయి. పారిపోయేవాళ్లకు కంచె అడ్డం పడింది. మంటకు మాత్రం అడ్డం పడలేదు. పక్కనున్న ఊరివాళ్ల కొట్లూ కాలిపోయాయి. ఆ సాయంత్రం మళ్లీ పిల్లలు తప్పిపోయారు. మళ్లీ అవే మూడు ప్రశ్నలు. నీ పేరేమిటి, మీ నాన్న పేరేమిటి, ఏ బ్లాకు?

నేను మాట్లాడుతున్నది రేడియోలో కాబట్టి రేడియో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. టెక్నాఫ్‌లో రేడియో నాఫ్ అనే చిన్న కమ్యూనిటీ స్టేషన్ ఉంది. అక్కడి సర్కారు రేడియో అయిన బంగ్లాదేశ్ బేతార్ కాక్స్‌బజార్ కేంద్రం కూడా ఉంది. వాటిలో వచ్చిన ఒక కార్యక్రమం పేరు బెగ్గునర్ లాయ్. అందరి కోసం అని అర్థం. తుపాను హెచ్చరిక, టీకాలు, పిల్లలు తప్పిపోతే ఎవరికి చెప్పాలి వంటివి, అటు శిబిరంవాళ్లకీ ఇటు ఊరివాళ్లకీ ఒకే మాటలో అర్థమయ్యేలా చెప్పేవారు. కోవిడ్ రోజుల్లో అటు గదులూ ఇటు బడులూ మూతపడ్డాయి. 2019 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు శిబిరాల్లో మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేశారు. గొంతుకు పాసు అక్కర్లేదు, కంచె దాటి పోతుంది. మా వృత్తి గురించి మేమే గొప్పలు చెప్పుకుంటున్నామని అనుకోకండి. కొంచెం అనుకున్నా ఫరవాలేదు.

ఇక 2025. అప్పటికి అవతలి యుద్ధం వల్ల ఏడాదిన్నరలో మరో లక్షన్నర మంది దాకా కొత్తగా వచ్చారు. అదే సమయంలో అమెరికాతో సహా దాతల డబ్బు తగ్గిపోయింది. అంతకు రెండేళ్ల ముందే, 2023లో, నెలకు తలకు పన్నెండు డాలర్లున్న రేషన్ ఎనిమిదికి కోసిన రోజులు వాళ్లు చూశారు. ఈసారి కోత చదువు మీద పడింది. జూన్‌లో యునిసెఫ్ తన కేంద్రాలను ఆపింది. ముందుగా దెబ్బ తిన్నవి చిన్న తరగతులు. మాస్టార్లలో ఎవరిని తీసేశారు? బంగ్లాదేశీ మాస్టార్లను. దాదాపు పన్నెండు వందల మందిని. వాళ్లు రోడ్డెక్కారు, కాక్స్‌బజార్–టెక్నాఫ్ రహదారి మీద బైఠాయించారు. మమ్మల్ని తీసేసి వాళ్లను ఉంచుతారా అన్నారు.

డబ్బు లేనప్పుడు ఎక్కడో ఒకచోట కోయక తప్పదని సంస్థలు అంటాయి. నిజమే కావచ్చు. కానీ ఆ గదిలో ఇద్దరు మాస్టార్లు ఉండేవారని చెప్పాను చూశారా, ఆ ఇద్దరిలో ఒకరిని తీసేయడం తప్పని నా నమ్మకం. పోయింది ఒక ఇంగ్లీషు పీరియడు మాత్రమే కాదు. చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు పన్నెండు వందల ఇళ్లకు శిబిరం అంటే పొద్దున్నే అక్క వెళ్లి పాఠం చెప్పే చోటు. ఇప్పుడది అక్క ఉద్యోగం పోగొట్టిన చోటు. రేపు మళ్లీ మంటలు లేస్తే, మళ్లీ వరదొస్తే, కంచె దగ్గర తలుపు తీసేది ఆ ఇళ్లవాళ్లే. శరణార్థి పిల్లల భద్రత చివరికి ఆధారపడేది పొరుగింటి మనసు మీదే. ఆ మనసు కలుపుకోవడానికి ఏళ్లు పట్టింది, తెంచడానికి ఒక నోటీసు చాలింది.

ఇదంతా ఎక్కడో సముద్రం అవతలి గోల అనుకోకండి. హైదరాబాదు శివారు బాలాపూర్‌లో కొన్ని వేల మంది రొహింగ్యాలు పన్నెండేళ్లకు పైగా ఉంటున్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవల్లో తరిమికొట్టబడి భద్రాచలం, ములుగు అడవుల్లోకి వచ్చిన గొత్తికోయల పిల్లలు ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు, చుట్టూ ఉన్న గూడేలవాళ్లకు అడవి భూమి తగ్గిపోతోందని కోపం. ఉఖియా సంగతే, మన భాషలో. మన రాజ్యాంగంలో 21ఏ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు అంది గాని, పౌరుల పిల్లలకు అనలేదు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రొహింగ్యా పిల్లల కేసు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు, ముందు బడికి వెళ్లి అడగండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లండి అంది. బడికి వెళ్లి అడగమంది. అంటే తీర్పు మొదట రాసేది హెడ్మాస్టరు గది బల్ల మీదే.

ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఈ ప్రసంగం వింటుంటే ఒక మనవి. జూన్‌లో మీ బడి గేటు దగ్గరికి కాగితాలు లేని పిల్ల ఎవరైనా వస్తే, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 తీసి చూడండి. వయసు రుజువు కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడానికి వీల్లేదు. తరువాత కాస్త వెనక్కి తిప్పి సెక్షన్ 4 చూడండి. ఎన్నడూ బడికి రాని పిల్లనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేకంగా తర్ఫీదు ఇవ్వాలని ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను ఐదేళ్లవాళ్ల మధ్య కూర్చోబెట్టకండి.